హవా, పెట్రోలు, ఒక నిస్బత్

ఏడో జమాత్‌లో మా హిసాబ్ మాస్టారు బోర్డు మీద 'నిస్బత్' అని రాయగానే క్లాసంతా కిసుక్కున నవ్వింది. మా ఇళ్లలో నిస్బత్ అంటే పెళ్లి సంబంధం. ఫలానా వాళ్లమ్మాయికి ఏలూరు నుంచి నిస్బత్ వచ్చిందట అని అమ్మీ, ఖాలాలు గుసగుసలాడుకునే మాట అది. లెక్కల పుస్తకంలోకి ఎలా దూరిందో మాకు అర్థం కాలేదు. రెండు లెక్కల మధ్య ఉండే రిష్తా కూడా నిస్బతే అని మాస్టారు ఓపిగ్గా చెప్పారు. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాక, దాన్ని ఇటువైపు 'నిష్పత్తి' అంటారని తెలిసింది. కానీ ఆ మాట నాకు ఒంటబట్టింది మాత్రం రాజమండ్రిలో, మా మామూ షెడ్డులో, ఒక అంబాసిడర్ కారు బానెట్ కింద.

మామూ చదువు నాలుగో జమాత్‌తో ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు రావు. అయినా ఇంజన్ ఎంత హవాకి ఎంత పెట్రోలు తాగుతోందో చెవితో చెప్పేవారు. పొడవాటి పేచ్‌కస్ పిడిని చెవికి ఆనించుకుని, కొసను ఇంజన్ మీద పెట్టి, కళ్లు మూసుకునేవారు. పక్కన నిలబడ్డ నన్ను చూసి "సున్ రే, క్యా బోల్‌రా సున్" అనేవారు. నాకు చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు.

రాజమండ్రి జామా మస్జిద్ గురించి చరిత్రకారులు రాశారు. తుగ్లక్‌ల కాలంలో, 1324లో కట్టినట్టు చెప్పే ఫార్సీ శాసనం అక్కడ రాతి మీద ఉంది. ఏడువందల ఏళ్లు నిలిచింది. ఇదే ఊళ్లో నిన్నమొన్నటి దాకా వందలాది కార్లకి ప్రాణం పోసిన చేతుల గురించి మాత్రం ఎక్కడా ఒక సతర్ కూడా లేదు. 1206లో దియార్‌బకర్‌లో యంత్రాల మీద కితాబ్ రాసిన అల్‌జజరీ గురించి వాట్సాప్‌లో ఫార్వర్డులు పంపుకుని ఫఖ్ర్‌గా ఫీలవుతాం. మన గల్లీలో గ్రీజు మరకల కుర్తాతో తిరిగిన ఉస్తాద్‌ల తారీఖ్ మనకే తెలీదు. నాకు తెలిసినంత ఇక్కడ రాసి పెడుతున్నాను.

అసలు సంగతి చిన్నది. పెట్రోలు ఒంటరిగా కాలదు, దానికి హవా కావాలి. 1 కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల హవా కావాలి. అంటే 1 లీటరు పెట్రోలుకి దాదాపు 9,000 లీటర్ల హవా. కారు తాగేది పెట్రోలని అనుకుంటాం గానీ, నిజానికి అది పొద్దస్తమానం హవానే మింగుతూ ఉంటుంది. ఆ హవాలోకి పెట్రోలుని సరైన పాళ్లలో తుంపరగా కలిపే పరికరమే కార్బొరేటర్. 1893లో జర్మనీలో మేబాక్, అదే ఏడాది హంగరీలో బాంకి, చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లు ఈ తుంపర పద్ధతిని తయారుచేశారు.

మోటారు కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ నిస్బత్ చూసుకునే పూచీ నడిపేవాడిదే. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర బండ్లు తయారైన ఫోర్డ్ మోడల్ టీలో డ్యాష్‌బోర్డు దగ్గరే ఒక కాడ ఉండేది. నడుపుతూ నడుపుతూ దాన్ని తిప్పి పెట్రోలు ఎక్కువ తక్కువలు చేసుకోవాలి. మన డెల్టాకి మాత్రం మోటారు మెల్లగానే వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడ ప్రయాణమంటే కాలువ పడవే. నీటి దారి ఉండగా మట్టి రోడ్డు మీద ఎగిరెగిరి పడే ఖర్మ ఎవరికి? మొదట్లో కార్లు జమీందార్ల షౌక్, ఆ తర్వాత బస్సులు.

తర్వాత జంగ్ వచ్చింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. కాకినాడ రేవు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లి పొట్టపోసుకున్న మన డెల్టా జనానికి అదొక తబాహీ. దాంతోపాటే బర్మా నుంచి మన దేశానికొచ్చే చమురు కూడా ఆగిపోయింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. పెట్రోలు రేషన్‌లోకి వెళ్లింది. బస్సు వెనక మనిషెత్తు ఇనుప డ్రమ్ము బిగించి, అందులో బొగ్గులు మండించి, ఆ గ్యాసుతో ఇంజన్ నడిపించారు. పెద్దవాళ్లు 'బొగ్గుల బస్సు' అని చెప్పేది దీన్నే.

మా నానా, అంటే అమ్మీ వాళ్ల అబ్బా, పధ్నాలుగేళ్ల వయసులో అలాంటి బస్సుకి క్లీనరు. ఫజ్ర్ అవగానే వెళ్లి డ్రమ్ములో బొగ్గు పోసి, నిప్పు రాజేసి, చేత్తో తిప్పే బ్లోయర్‌తో పది పదిహేను నిమిషాలు ఊదాలి. గొట్టం చివర అగ్గిపుల్ల పెట్టి చూడాలి. మంట నిలకడగా నీలంగా మండితే గ్యాసు తయారైనట్టు. అప్పుడు డ్రైవర్ వచ్చి బండి స్టార్ట్ చేస్తాడు. నానా ఈ కథ చెప్పినప్పుడల్లా మేం పిల్లలం నవ్వేవాళ్లం, బస్సుకి పొయ్యి ఊదడం ఏమిటని. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు రావడంలేదు. ఆ గ్యాసులో మండే సరుకు ప్రధానంగా కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగు ఉండదు, మూసిన చోట మనిషిని ఖామోష్‌గా చంపేస్తుంది. తలనొప్పి వస్తే కాసేపు గాలికి కూర్చోమనేవారట. అదే ఇలాజ్.

నిస్బత్ పని ఎంత కష్టమో ఆ బస్సులోనే తెలుస్తుంది. బొగ్గు గ్యాసులో సగం పైన నైట్రోజనే, అది కాలదు. పైగా గ్యాసుకి, హవాకి దాదాపు సమపాళ్లు కుదరాలి. సిలిండర్‌లో సగం చోటు గ్యాసే తినేస్తే ఇంక తాకత్ ఎక్కడిది? పెట్రోలు మీద వచ్చే బలంలో సగానికి అటూ ఇటుగా వచ్చేది. డ్రమ్ములో నిప్పు ఒకసారి ఎగసి ఒకసారి మందగిస్తుంటే గ్యాసు గుణం ఘడియ ఘడియకీ మారిపోయేది. అందుకే డ్రైవర్ ఒక చెయ్యి హవా వాల్వు మీదే ఉంచి, ఇంజన్ గొంతు మారినప్పుడల్లా దాన్ని ఇంత తెరిచి ఇంత మూస్తూ పోవాలి. స్టీరింగు, గేరు, హారన్, ఎదురొచ్చే ఎద్దుబండి, అన్నిటి మధ్య ఇదొకటి. "డ్రైవర్ సాబ్ బస్సు నడిపేవాడు కాదు రా, వీణ వాయించేవాడు" అనేవారు నానా. వంతెన ఎక్కాల్సి వస్తే జనాన్ని దించి తోయించేవారట. ఆ మాట మాత్రం గర్వంగా చెప్పేవారు కాదు.

యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న డిస్పోజల్ ట్రక్కులు, జీపులు వచ్చాయి. తర్వాత బస్సులు, లారీలు డీజిల్‌కి మారాయి. డీజిల్ దారి వేరు. అక్కడ హవాకి అడ్డు ఉండదు, పంపు ఎంత నూనె కొడితే అంత బలం. అది పంపు కాలిబ్రేషన్ వాళ్ల హునర్, దాని సంగతి ఇంకోసారి. కార్బొరేటర్ ఉస్తాద్‌లకి మిగిలింది కార్లు, జీపులు.

1950ల చివర్లో అంబాసిడర్ వచ్చింది. రాజమండ్రి స్టేషన్ ముందు టాక్సీలన్నీ అవే అయిన రోజులు నాకు గుర్తున్నాయి. మా మామూ జిందగీలో సగం సోలెక్స్ కార్బొరేటర్‌తో గడిచింది. అంబాసిడర్‌కీ అదే, ఫియట్‌కీ అదే. అరచేతిలో పట్టే ఆ ఇత్తడి, అల్యూమినియం వస్తువులో అసలు పని చేసేవి జెట్లు. చిన్న చిన్న ఇత్తడి ముక్కలు, మధ్యలో సన్నటి చిల్లు, పక్కన ఒక అంకె. 120 అని ఉంటే చిల్లు 1.20 మిల్లీమీటర్లని అర్థం. 125 అంటే 1.25. ఆ 5కి బండి తీరే మారిపోతుంది. మామూ దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా నిండా జెట్లుండేవి, ఒక్కోటి పాత చీర గుడ్డలో చుట్టి. అంకెలు ఉర్దూలోనే చదివేవారు. "వో ఏక్ సౌ పచ్చీస్ దే" అంటే నేను వెతికి ఇచ్చేవాణ్ణి. నాకు వచ్చిన మొదటి నౌకరీ అదే అనుకోండి.

కార్బొరేటర్ మీద ఒక స్క్రూ ఉంటుంది. చాలామంది కారు ఓనర్లు అదే ట్యూనింగ్ అనుకునేవాళ్లు, పేచ్‌కస్ పట్టుకుని వాళ్లే తిప్పేసుకునేవాళ్లు. అది బండి ఊరికే నిలబడి తిరిగేటప్పటి నిస్బత్ మాత్రమే సరిచేస్తుంది. బలం దాని చేతిలో లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు పెట్రోలు పోసేది మెయిన్ జెట్. తాకత్ కావాలంటే అక్కడ చూసుకోవాలి.

బెస్ట్ పవర్ ఏ పాళ్లలో వస్తుందన్నదే ఈ విద్యకి గుండెకాయ. 14.7 అనేది కాగితం మీద లెక్క. రెండూ ఏమీ మిగలకుండా కాలిపోయే కొలత. కానీ ఇంజన్ తన పూర్తి బలం చూపించేది అక్కడ కాదు. కాస్త పెట్రోలు ఎక్కువైన చోట, 12.5 నుంచి 13 పాళ్ల హవాకి 1 పాలు పెట్రోలు దగ్గర. ఎందుకంటే ఇంజన్‌కి పెట్రోలు కరువు లేదు, కరువంతా హవాకే. సిలిండర్‌లో పట్టేదే ఇంత. ఆ పట్టిన హవాలో ఆక్సిజన్ ఒక్క రవ్వ కూడా వాడకుండా మిగలకూడదంటే పెట్రోలు కొంచెం అదనంగా ఉండాలి. దావత్‌లో మెహమాన్ ఎవరూ ఆకలితో లేవకూడదంటే దేగ్‌లో బిర్యానీ కొంచెం మిగిలేలా వండుతాం కదా, సరిగ్గా అలా. పైగా ఆ పాళ్లలో మంట వేగంగా పరుచుకుంటుంది. అదనపు పెట్రోలు ఆవిరవుతూ లోపల కాస్త చల్లబరుస్తుంది కూడా. అదే మైలేజీ కావాలంటే ఉల్టా వెళ్లాలి, 16 పాళ్ల హవా దాకా. రెండూ ఒకే జెట్టుతో రావు. "కంజూస్‌కి ఒక జెట్టు, లోడుకి ఒక జెట్టు" అనేవారు మామూ.

మరీ ఎక్కువ పోస్తే నల్ల పొగ, ప్లగ్గుల మీద మసి. పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. మరీ తక్కువైతే ఇంజన్ వేడెక్కి, కార్బొరేటర్‌లోంచి తుమ్ముతుంది, వాల్వులు కాలిపోతాయి. ఈ రెంటి మధ్య సన్నటి గట్టు మీద నడవాలి. మీటర్లు లేవు, మిషన్లు లేవు. మామూ తరీఖా ఇది: కారుని ధవళేశ్వరం వైపు కాలువ గట్టు రోడ్డు మీదికి తీసుకెళ్లేవారు. మూడో గేరులో పూర్తిగా తొక్కి కొంత దూరం లాగించి, క్లచ్ నొక్కి, అదే క్షణంలో చాబీ ఆపేసేవారు. బండి తనంతట ఆగాక ప్లగ్గు విప్పి చూసేవారు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, నల్లగా ఉంటే ఎక్కువైంది, గ్లూకోజ్ బిస్కెట్ రంగుంటే సరే. ఇంకో ఇమ్తిహాన్ కూడా ఉండేది. పూర్తిగా తొక్కి ఉండగా చోక్ కొంచెం లాగేవారు. బండి ఊపందుకుంటే జెట్టు చిన్నది, నీరసపడితే సరిపోయిందని అర్థం.

మైదానంలాంటి గోదావరి జిల్లాల్లో అంత తాకత్ ఎందుకని అడగొచ్చు. నేనూ అడిగాను. మామూ చెప్పిన జవాబు 'రేవు'. 1974లో రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి తెరిచేదాకా రాజమండ్రికీ కొవ్వూరుకీ మధ్య మోటారు వంతెన లేదు. 1900 నాటి హేవలాక్ బ్రిడ్జి రైళ్లది. కోనసీమలోనైతే నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య కార్లు నేటికీ పంటు మీదే దాటుతున్నాయి. పంటు దిగిన బండి తడి ఇసుక మీంచి రేవు గట్టు ఎక్కాలి. లోపల ఆరుగురు, డిక్కీలో కొబ్బరికాయల బస్తా, వెనక ఇంకో పది బండ్ల హారన్లు. అక్కడ ఇంజన్ ఆగిపోతే డ్రైవర్ ఇజ్జత్ పోయినట్టే. మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వచ్చేవాళ్లు. "సాయిబు గారండీ, బండి గట్టెక్కట్లేదండీ, కాస్త చూడండీ బాబూ" అని. 'గట్టెక్కడం' అనే తెలుగు మాటకి అసలు అర్థం నేను అక్కడే నేర్చుకున్నాను.

ఇక్కడి మౌసమ్ కూడా ఒక ఉస్తాదే. వేడెక్కితే హవా పలచబడుతుంది. 20 డిగ్రీల దగ్గర ఉన్న బరువులో 45 డిగ్రీలకి నూటికి 8 పాళ్లు తగ్గిపోతుంది. దానికి తోడు డెల్టా ఉక్క. వానాకాలం హవాలో నూటికి మూడు నాలుగు పాళ్లు నీటి ఆవిరే, ఆ మేరకి ఆక్సిజన్‌కి చోటు తగ్గుతుంది. కార్బొరేటర్‌కి ఈ సంగతి తెలీదు, పాత అలవాటునే పెట్రోలు పోస్తుంది. అందుకే జనవరిలో బాగా లాగిన బండి రోహిణీ కార్తెలో బద్ధకిస్తుంది. అరకు వెళ్లే టాక్సీలకి ఘాటీలో ఇదే మర్జ్. 900 మీటర్ల ఎత్తులో హవా ఇంకా పలచన. మామూ ఎండాకాలానికి ఒక నంబరు చిన్న జెట్టు వేసేవారు. ఏ కితాబ్‌లోనూ చదవలేదు. నలభై ఎండాకాలాల తజుర్బా.

షెడ్డు భాష కూడా మనదే. పానా, పేచ్‌కస్, చాబీ, హథోడీ, జాలీ. షాగిర్దుల్లో సగం మంది హిందూ కుర్రాళ్లే. వాళ్లకి ఉర్దూ రాదు, కానీ ఈ మాటలన్నీ నోటికి వచ్చు. డెల్టాలో ఏ మెకానిక్‌ని అడిగినా 'పానా' అనే అంటాడు. గొడ్డు చాకిరీ చేసిన చోటల్లా మన జుబాన్ ఒక నిషాన్ వదిలింది.

అలాగని అందరూ ఉస్తాద్‌లేమీ కాదు. కొత్త జెట్టు దొరకనప్పుడు, లేదా కొనే మనసు లేనప్పుడు, పాత జెట్టులో సూది పెట్టి చిల్లు పెద్దది చేసేవాళ్లు ఉండేవాళ్లు. నంబరు 120 అని ఉంటుంది, చిల్లు ఎంతో ఎవరికీ తెలీదు. పికప్పు బాగుందని కస్టమర్ ఖుషీగా వెళ్తాడు, నెలాఖరుకి పెట్రోలు బిల్లు చూసి తిడతాడు. పెట్రోలులో నీలం కిరోసిన్ కలిపే బంకుల పుణ్యమా అని చేసిన ట్యూనింగ్ రెండ్రోజులు నిలిచేది కాదు. తిట్లు మాత్రం మెకానిక్‌కే.

ఒంటికి తగిలిన దెబ్బలు వేరే. నోటితో పెట్రోలు లాగడం, పెట్రోలుతోనే చేతులు కడుక్కోవడం, సైలెన్సర్ దగ్గర ముక్కు పెట్టి పొగ వాసన చూసి పాళ్లు చెప్పడం. 2000 దాకా ఆ పెట్రోలులో సీసం ఉండేది. మామూ గానీ ఆయన షాగిర్దులు గానీ ఒక్కసారైనా రక్తంలో సీసం పరీక్ష చేయించుకున్న పాపాన పోలేదు. చేయించుకోమని చెప్పినవాళ్లూ లేరు. 2006 నవంబర్‌లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు ముస్లింలు ఎక్కువగా సొంత పనుల మీద బతుకుతున్నారని చెబుతూ, మోటారు రిపేర్లని కూడా ఆ పనుల్లో లెక్కేసింది. జర్నలిస్టుగా ఆ పేజీలు చదువుతుంటే నాకు మామూ చేతులే కనపడ్డాయి. గోళ్ల చుట్టూ ఈద్ రోజున కూడా పోని నలుపు.

ఈ నిస్బత్ తప్పితే ఏమవుతుందో ఇంజన్ బయట కూడా చూసినవాళ్లం మనం. మన కాళ్ల కిందే గ్యాసుంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో పైపులోంచి లీకైన గ్యాసు ఊరంతా పరుచుకుని, నిప్పు తగలగానే ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. మీథేన్ హవాలో నూటికి 5 పాళ్ల నుంచి 15 పాళ్ల మధ్య ఉంటేనే అంటుకుంటుంది. అంతకు తక్కువైనా ఎక్కువైనా మండదు. ఇంజన్‌లో మనం వెతికి వెతికి కుదుర్చుకునే పాళ్లు, ఆ పొద్దున ఇళ్ల మధ్య వాటంతటవే కుదిరిపోయాయి. ఆ రోజు టీవీ చూస్తూ మామూ ఒక్క మాటా మాట్లాడలేదు.

కార్బొరేటర్ చావు మెల్లగా వచ్చింది. 1976లోనే బాష్ కంపెనీ వాళ్ల ఆక్సిజన్ సెన్సార్ వోల్వో కార్లలోకి వచ్చింది. పొగ గొట్టంలో కూర్చుని, వాసన చూసి, పాళ్లు ఎలా ఉన్నాయో కంప్యూటర్‌కి చెప్పే ముక్కు అది. మనదాకా రావడానికి పాతికేళ్లు పట్టింది. 2000లో పొగ నిబంధనలు వచ్చాయి, మారుతి 800కి కూడా ఇంజెక్షన్ వచ్చింది. 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6తో బైకుల్లో కూడా కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. పొగ తగ్గింది, పిల్లల ఊపిరితిత్తులకి మంచిదే, ఆ విషయంలో నాకు ఎలాంటి షికాయత్ లేదు. కానీ మామూ ఒక సర్వీస్ సెంటర్‌కి పని అడగడానికి వెళ్తే సర్టిఫికెట్ ఏదన్నారు. ఇంటికొచ్చి జెట్ల డబ్బా అటక మీద పెట్టేశారు. షెడ్డులో ఇప్పుడు బైకులకి సీట్ కవర్లు కుడుతున్నారు.

పోయిన రంజాన్ తర్వాత మా తమ్ముడి కొడుకు కారు తీసుకొచ్చాడు. ఐటీఐ చేశాడు, స్టీరింగ్ కింద చిన్న డబ్బా గుచ్చి ఫోన్‌లో ఇంజన్ అంకెలన్నీ చూస్తాడు. మామూని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఫోన్ మీద లాంబ్డా అని ఒక అంకె, 1.00 దగ్గర కదలకుండా ఉంది. 14.7ని ఒకటి అనుకుంటే వచ్చే హిసాబ్ అది అని నేను వెనక నుంచి చెప్పాను. బ్రిడ్జి అప్రోచ్ ఎక్కేటప్పుడు వాడు పూర్తిగా తొక్కాడు. అంకె జారి 0.87 దగ్గర నిలబడింది. నేను మనసులో గుణించుకున్నాను. 12.8.

మామూ కళ్లజోడు తీసి ఫోన్‌ని దగ్గరగా పెట్టుకుని చూశారు. అంకె మళ్లీ 1.00కి వెళ్లిపోయింది.

"ఎక్కేటప్పుడు ఎక్కువ పోస్తోంది" అన్నారు.

"కంప్యూటర్ పోస్తది దాదా" అన్నాడు వాడు.

"పోయాలి కదా మరి" అని, కళ్లజోడు జేబులో పెట్టుకుని, ఏసీ తగ్గించమన్నారు. కొవ్వూరు దాకా కిటికీ కొంచెం దించుకుని కూర్చున్నారు, ఇంజన్ వినపడేలా.